సొంత ఇష్టంతో

ఆళ్లగడ్డ,
8 జూన్ 2025

అన్నకు,

ఫోన్ చేస్తే వదిన ఎత్తింది. "మీ అన్నకు కుడి చెవి గూడా పోయింది, నువ్వు అరిచినా ఇనపడదు, ఏమన్నా ఉంటే రాసి పంపు" అనింది. అందుకే ఈ ఉత్తరం. ఏడో తరగతి తర్వాత ఇంత రాయడం ఇదే. తప్పులుంటే కాలేజీలో గుమాస్తాగా ఉన్నప్పటి మాదిరి ఎర్ర పెన్ను తీయొద్దు.

మా విత్తనాల ఫ్యాక్టరీ మూసేశారు. మే నెలాఖరు రోజు మామూలుగానే పనికి పోయినాం. లోపల జల్లెడ మిషన్లు లారీలకు ఎక్కిస్తున్నారు. కాంట్రాక్టరు గేటు దగ్గర కుర్చీ వేసుకుని "రేపట్నుంచి రాబాకండి" అన్నాడు. అంతే. పద్నాలుగేళ్లు అక్కడ పత్తి గింజలు ఏరాను. పనిలో వేసుకునే పాత చెప్పులు లోపలే ఉన్నాయి, తెచ్చుకుంటానంటే వాచ్‌మన్ పోనివ్వలేదు. దానికి ఎందుకో ఏడుపొచ్చింది.

పీఎఫ్ తొందరగా రావాలంటే ఇమ్మన్నారని నువ్వు రాసి పంపిన కాగితం ఫ్యాక్టరీ మూసే వారం ముందే సంతకం చేసి ఇచ్చేశాను. దాని గురించి దిగులు లేదు.

నా దిగులంతా ఈఎస్‌ఐ కార్డు గురించి. మీ బావ సంగతి నీకు తెలుసు. ముప్పై ఏళ్లు దేవుళ్ల విగ్రహాలు చెక్కితే ఆ రాతి పొడంతా రొమ్ములో చేరింది. నెలనెలా నంద్యాల ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో ఇచ్చే మందులతోనే ఆయన మెట్లెక్కుతున్నాడు. నా కార్డు ఉన్నంతవరకే ఆయనకు ఆ మందు. పని పోయిన వాళ్లకు భృతి ఇస్తారు, భృతి ఉంటే వైద్యమూ ఉంటుంది అంటారు కదా. కరోనా అప్పుడు నువ్వు రాస్తే మూడు నెలలు వచ్చింది. రెండేళ్ల కింద ఫ్యాక్టరీ కొన్నాళ్లు ఆపినప్పుడు మళ్లీ రాస్తే రాలేదు. ఇప్పుడు మూడోసారి అడగొచ్చా? అడిగితే తిడతారా?

ఎండకు పోవాల్సి వస్తే గొడుగు తీసుకొని పో.

నీ చెల్లెలు,
ఓబులమ్మ

*

నంద్యాల,
17 జూన్ 2025

చిరంజీవి ఓబులమ్మకు శేషయ్య దీవించి రాయునది.

తప్పులు తొమ్మిది ఉన్నాయి. దిద్దలేదు.

నిన్న ఈఎస్‌ఐ ఆఫీసుకు వెళ్లాను. అక్కడ ప్రియదర్శిని అనే అమ్మాయి కూర్చుంటుంది. నాకు వినపడదని తెలిసి విసుక్కోకుండా నా నోటుబుక్కు తీసుకుని ప్రతి జవాబూ రాసి చూపించింది. ఈ కాలంలో అంత పొందికైన అక్షరాలు చూడలేదు. ఆమె రాసినది నీకు అర్థమయ్యేలా చెబుతాను.

నీకు కరోనా అప్పుడు వచ్చినది తొంభై రోజుల భృతి. అది మనిషికి జీవితంలో ఒక్కసారే. నువ్వు మొత్తం తొంభై రోజులూ వాడుకున్నావు కాబట్టి రెండోసారి అడిగినప్పుడు కుదరదన్నారు. ఇక ఎన్నిసార్లు అడిగినా అది రాదు.

అయితే ఇంకొక పథకం ఉంది. ఫ్యాక్టరీ మూతపడి, యాజమాన్యమే కార్మికులను తీసేస్తే, అన్నేళ్లు చందా కట్టినవాళ్లకు రెండేళ్ల దాకా భృతి ఇస్తారు. ఆ రెండేళ్లూ కుటుంబానికి వైద్యం కూడా ఉంటుంది. ముందు తొంభై రోజులు తీసుకున్నావు కదా, అది దీనికి అడ్డమా అని రెండుసార్లు అడిగాను. "అడ్డం కాదు, రెండూ వేరు" అని రాసి కింద గీత గీసింది.

కావలసినదల్లా యాజమాన్యం నిన్ను తీసేసిందని తెలిపే ఆధారం. ఫ్యాక్టరీ కాగితాలు తెప్పిస్తామన్నారు. నువ్వు నీ దగ్గరున్నవి పంపు. ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో. ఈలోపల ఎక్కడా జీతానికి చేరవద్దు. చేరితే నిరుద్యోగివి కావు. ఏమీ లేకుండా ఇప్పుడున్న కార్డు డిసెంబరు ముప్పై ఒకటి దాకానే పనిచేస్తుంది. అంతలోపల మనకు ఇది రావాలి, వస్తుంది.

కేశవులు బావను బీడీ పొగ దగ్గర కూర్చోనివ్వకు. మీ వదిన మాగాయ పెట్టింది, ఎవరైనా వస్తే పంపుతాను.

ఆశీస్సులతో,
శేషయ్య

*

ఆళ్లగడ్డ,
3 జూలై 2025

అన్నకు,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. "రెండేండ్లా? రెండేండ్లు నేనుంటే గదా" అని నవ్వి, ఆ నవ్వుకే దగ్గొచ్చి పావుగంట వంగిపోయాడు. ఇప్పుడు పడుకుంటే ఊపిరి ఆడదు. గోడకు దిండు వేసుకుని కూర్చునే నిద్రపోతాడు. పగలు పాత పనివాళ్లు పలకరిస్తారని రోడ్డు పక్క షెడ్ల దాకా పోతాడు. ఇప్పుడంతా మిషన్ల కోత. వాళ్లు మిషను ఆపి, పొడి అణిగినాక ఆయనతో మాట్లాడి పంపిస్తారు. అంత మర్యాద చేస్తున్నారు.

నా జీతం చీటీలు, కార్డు నకలు, బ్యాంకు పుస్తకం కాగితాలు ఇందులో పెట్టాను. తీసేసినట్టు కాగితం నాకెవరూ ఇవ్వలేదు. బస్టాండులో కాంట్రాక్టరు కనిపిస్తే ఆపి అడిగాను. "ఏం కాగితం? నిన్ను ఎవురు తీసేసినారు? నీ అంతట నువ్వే కదా మానుకున్యావు" అని బండి ఎక్కి పోయాడు. ఎగతాళికి అన్నాడనుకున్నా. ఆ మనిషికి మొదట్నుంచీ నోరు అట్లాంటిదే.

ఇంకో మాట. దొర్నిపాడులో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి కావాలని వార్డెన్ కబురు పెట్టింది. మధ్యాహ్నం రెండింటికల్లా ఇంటికి రావచ్చంట. మంచి చోటే. నువ్వు చేరొద్దన్నావు కాబట్టి రాలేనని చెప్పాను. "ఆలోచించుకోండి, నెలాఖరు దాకా చూస్తా" అనింది.

మాతో పనిచేసిన ఫాతిమున్నీసా గూడా రెండేళ్ల భృతికి పెట్టుకుంటుందంట. పాపం ఆమెకు చదువు రాదు, రాసిపెట్టే అన్న లేడు. నాకు నువ్వున్నావు అన్నాను.

మాగాయ ఎవరితోనూ పంపొద్దు, ఆయన కారం తినడం లేదు.

ఓబులమ్మ

*

నంద్యాల,
19 జూలై 2025

ఓబులమ్మకు,

నీ కాగితాలు అందాయి. ఆఫీసుకు వెళ్లి వచ్చాను. విషయం పరిశీలనలో ఉంది. ఇటువంటివి ఆలస్యమవుతాయి.

ఇక్కడ ఎండలు తగ్గాయి. మా వీధిలో కొత్త కాలువ తవ్వుతున్నారు, ఇంట్లోకి వెళ్లాలంటే చెక్క మీద నడవాలి. మీ వదినకు మోకాలి నొప్పి. పక్కింటి యోహాను మాస్టారు కొడుకు ఇల్లు కడుతున్నాడు. ఇసుక అంతా మన గోడకు పోశాడు.

హాస్టలు సంగతి నీ ఇష్టం అని చెప్పాలని ఉంది. కానీ ఇంకా కొద్దిరోజులు చూద్దాం. నేను ఒక ప్రయత్నంలో ఉన్నాను.

కాంట్రాక్టరుతో నువ్వు మాట్లాడవద్దు.

శేషయ్య

*

ఆళ్లగడ్డ,
30 ఆగస్టు 2025

అన్నకు,

నెల పైనాయె, నీ దగ్గర్నుంచి ఇంకో అక్షరం రాలేదు. పోయిన ఉత్తరంలో కాలువ గురించీ ఇసుక గురించీ రాశావు గానీ నా పని ఏమైందో ఒక్క ముక్క లేదు. నేను ఏమన్నా తప్పు మాట రాశానా? రాసిపెట్టే అన్న ఉన్నాడని ఫాతిమున్నీసాకు చెప్పుకున్నానే, అది పనివాడిలా వాడుకుంటున్నట్టు అనిపించిందా? లేకపోతే మాగాయ వద్దన్నానని వదిన నొచ్చుకుందా? వద్దన్నది కోపంతో కాదని ఆమెకు చెప్పు.

హాస్టలు వార్డెన్ ఆగస్టు పదో తేదీ దాకా ఆగింది. ఇంటికే వచ్చింది. "ఏందమ్మా, అంత పెద్ద ఉద్యోగం ఏదన్నా వస్తాందా నీకు?" అని అడిగింది. రెండేళ్ల భృతి వస్తుందని చెప్పడానికి సిగ్గయి ఊరుకున్నా. వేరే ఆమె చేరిపోయింది.

మీ బావ ఇప్పుడు షెడ్ల దాకా పోవడం లేదు. వాకిట్లో కూర్చుంటాడు. మొన్న నా చేయి పట్టుకుని, "ఓబులూ, నువ్వు పనికి పోకుండా నా మొగం చూస్తా కూర్చున్యావు. నా కోసమే గదా?" అన్నాడు. కాదు, అన్న చేరొద్దన్నాడు అని చెప్పాను. "శేషయ్య బావ చెప్తే దానికి లెక్క ఉంటాది" అన్నాడు. నీ మీద అంత నమ్మకం ఆయనకు.

నేనే ఒకసారి నంద్యాల వచ్చి ఆఫీసులో కనుక్కుంటా. ఏ రోజు రమ్మంటావు?

ఓబులమ్మ

*

నంద్యాల,
6 సెప్టెంబరు 2025

ఓబులమ్మకు,

నువ్వు రావద్దు. బావను వదిలి ఇంత దూరం రావడం మంచిది కాదు. వచ్చినా వాళ్లు నీకు చెప్పేది ఏమీ ఉండదు, అంతా నా ద్వారానే జరుగుతోంది. వదినకు నీ మీద కోపమెందుకు? ఎవరికీ కోపం లేదు.

హాస్టలు పోయినందుకు నాకు చాలా బాధగా ఉంది. ఎంత బాధగా ఉందో రాయలేను.

శేషయ్య

*

ఆళ్లగడ్డ,
7 అక్టోబరు 2025

శేషయ్యన్నకు,

ఫాతిమున్నీసాకు ఉత్తర్వు వచ్చింది. నాలుగు రోజుల కింద ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి "చదువక్కా, నిజమేనా?" అనింది. నిజమే. రెండేళ్ల దాకా. వాళ్ల అమ్మకు గూడా వైద్యం ఉంటుంది. నాకు సంతోషమయింది, ఆమెకు వచ్చిందంటే నాకూ వచ్చి ఉంటుంది, నీ అడ్రసుకు పోయి ఉంటుంది అనుకున్నా. నిన్న ఆమె ఏదో సంతకానికి నంద్యాల పోతుంటే నువ్వు వద్దన్నా ఆమె వెంట వచ్చాను.

నీ ప్రియదర్శిని నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. పేరు చెబితే ఫైలు తీసింది. "అమ్మా, మీది జూలైలోనే తేలిపోయింది. మీరు రాజీనామా చేశారు కదా. సొంతంగా మానుకున్నవాళ్లకు ఇది వర్తించదు" అనింది. నేను ఏ రాజీనామా చేయలేదన్నాను. అప్పుడు ఒక కాగితం నా వైపు తిప్పింది.

"నా కుటుంబ కారణాల వలన, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా సొంత ఇష్టంతో పని మానుకొనుచున్నాను."

కింద నా సంతకం. పైన నీ చేతిరాత. ఆ రోజు ఇది పీఎఫ్ కాగితం అని పంపావు, నేను చదవను కూడా చదవలేదు. మా అన్న రాసింది చదివి చూసుకోవాలా అనుకున్నా.

"మరి నీకెట్లా వచ్చిందే?" అని ఫాతిమున్నీసాను అడిగాను. "నాకు సదువు రాదు గదక్కా. ఏం రాసుందో తెలీని దానికి ఏలిముద్ర ఎయ్యనని మొండికేసినా. కాంట్రాక్టరు తిట్టినాడు. తిడితే తిట్నీలే అనుకున్యా" అనింది.

ఆ అమ్మాయి చెప్పింది, జూలై పద్నాలుగునే నీకు ఈ కాగితం చూపించాను అని.

మీ వీధి మొదలు దాకా వచ్చాను. కాలువ మీద చెక్క కనిపించింది. వదిన బట్టలు ఆరేస్తోంది. అక్కడ నిలబడి, నిలబడి, తిరిగి బస్టాండుకు పోయాను.

ఎందుకు చెప్పలేదు? అదొక్కటి రాయి.

ఓబులమ్మ

*

నంద్యాల,
13 అక్టోబరు 2025

అమ్మా ఓబులమ్మా,

నువ్వు అడిగినదానికి జవాబు రాయడానికి ఐదు రోజులు పట్టింది. నాలుగు కాగితాలు చింపాను.

మే నెలలో కాంట్రాక్టరు మా ఇంటికి వచ్చాడు. అతని మాట నాకు వినపడదు కాబట్టి నా నోటుబుక్కులోనే రాశాడు. ఫ్యాక్టరీ పేరు మారుతోంది, పాత లెక్క మూస్తేనే పీఎఫ్ వస్తుంది, అందరి దగ్గరా ఇటువంటి కాగితం ఉండాలి, మీరు చదువుకున్నవారు, ఒక నమూనా రాసివ్వండి అన్నాడు. "ఇంత మంచి రాత మా ఆఫీసులో ఎవరికీ లేదు" అని కూడా రాశాడు. రిటైరై ఎనిమిదేళ్లయింది తల్లీ. నన్ను ఎవరైనా ఒక కాగితం రాసిమ్మని అడిగి చాలాకాలమైంది. నేను రాశాను. నీ పేరుతో ఒకటి, పేరు ఖాళీ వదిలి ఒకటి. ఆ రెండోదాన్ని అతను జిరాక్సు తీయించాడు. నలభై మూడు మంది ఆడవాళ్లలో ముప్పై తొమ్మిది మంది నా రాత కింద సంతకం పెట్టారు.

జూలై పద్నాలుగున ప్రియదర్శిని ఆ కట్ట ముందు పెట్టి, "ఇవన్నీ ఒకే చేతిరాత. ఇది మీ రాతలా ఉంది, మీరు రాసిందేనా?" అని నోటుబుక్కులో అడిగింది.

కింద నేను "కాదు" అని రాశాను.

ఎందుకో నాకే తెలియదు. ఆ అమ్మాయి నన్ను గౌరవంగా చూసేది. అది పోతుందనిపించింది. చేయి దానంతట అదే రాసింది. ఇంటికి వచ్చాక, కాంట్రాక్టరును పట్టుకుని ఆ కాగితం వెనక్కు తీసుకునేలా చేస్తే నీకు తెలియకుండానే అంతా సర్దుకుంటుందనుకున్నాను. పదకొండుసార్లు అతని ఇంటికి వెళ్లాను. తర్వాత ఆ ఇంటికి తాళం పడింది. నీతో హాస్టలుకు వెళ్లమని చెప్పాలంటే కారణం చెప్పాలి. చెప్పలేక కాలువ గురించి రాశాను.

నన్ను తిట్టు. బావకు మాత్రం చెప్పకు.

శేషయ్య

*

ఆళ్లగడ్డ,
18 అక్టోబరు 2025

అన్నకు,

తిట్టడానికి నాకు తీరిక లేదు. తెల్లారకముందే పత్తి తీతకు పోతున్నా, దొర్నిపాడు వైపు చేలకు.

మీ బావకు చెప్పాను. ఆయన "ముప్పై తొమ్మిది మందా?" అని ఒక్క మాట అడిగాడు.

నన్ను వదిలేయి. మిగతా ముప్పై ఎనిమిది మందికీ ఇళ్లున్నాయి. ఆఫీసుకు పోయి, అది నేనే రాశాను, కాంట్రాక్టరు చెబితే రాశాను, వాళ్లకు తెలియదు అని కాగితం మీద పెట్టు. రాయడం నీకు వచ్చు కదా.

ఓబులమ్మ

*

నంద్యాల,
4 జనవరి 2026

ఓబులమ్మకు,

నువ్వు చెప్పిన మూడో రోజే పోయి రాసిచ్చాను. అయిదు పేజీలు. ప్రియదర్శిని మొత్తం చదివింది. తర్వాత నోటుబుక్కులో ఒకే వాక్యం రాసింది: "జూలైలోనే ఒప్పుకుని ఉంటే, అప్పుడు కాంట్రాక్టరు ఊళ్లోనే ఉన్నాడు." ఆమె మళ్లీ నన్ను కూర్చోమనలేదు. తప్పు ఆమెది కాదు.

ఆఫీసువాళ్లు కాగితం పైకి పంపారు. లేబర్ అధికారి దగ్గర నవంబరులో ఒకసారి, డిసెంబరులో రెండుసార్లు నిలబడ్డాను. అప్పుడు కాదన్నారు, ఇప్పుడు అవునంటున్నారు, ఏది నమ్మాలి అని రాసి అడిగారు. ఇప్పుడు చెప్పేదే నిజమన్నాను. కంపెనీ వాళ్లు కార్మికులంతా కాంట్రాక్టరు మనుషులే, మాకు సంబంధం లేదన్నారు. కాంట్రాక్టరు నోటీసులన్నీ తిరిగి వస్తున్నాయి. విచారణ సాగుతుంది గానీ ఎప్పటికి తేలుతుందో ఎవరూ చెప్పలేరు. రెండు మూడేళ్లు పట్టవచ్చునట.

నీ కార్డు గడువు ముప్పై ఒకటితో అయిపోయింది. ఆ రోజు డిస్పెన్సరీకి వెళ్లి బావ మందులు నెలకు సరిపడా ఇప్పించుకుని యోహాను మాస్టారి చేత పంపాను. అందాయా? దాని తర్వాత ఏమి చేయాలో నాకు తెలియడం లేదు. జీవితంలో మొదటిసారి నాకు ఏ దరఖాస్తూ తోచడం లేదు.

నువ్వు రెండున్నర నెలలుగా రాయలేదు. రాయకపోయినా సరే. బావ ఎలా ఉన్నాడో ఎవరితోనైనా తెలియజేయి.

శేషయ్య

*

ఆళ్లగడ్డ,
11 జనవరి 2026

అన్నకు,

మందులు అందాయి.

పెద్దాసుపత్రిలో చూపించాను. ఆ డాక్టరు మంచివాడు, నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. రొమ్ములో ఊపిరికి చోటు లేదమ్మా, మందు ఉన్నా లేకపోయినా ఇంక ఎక్కువ రోజులు అనుకోవద్దు అన్నాడు. మందు లేకపోతే మాత్రం బాధ ఎక్కువగా ఉంటుందన్నాడు. అది విన్నాక నీ మీద కోపం తగ్గుతుందేమో అనుకున్నా. తగ్గలేదు. నాలుగు నెలలు నేను ఆయన పక్కన కూర్చున్నానని, ఏదో వస్తుందని ఇద్దరం వాకిలి చూస్తూ ఉన్నామని తలచుకుంటే ఇంకా ఎక్కువవుతోంది.

ఫాతిమున్నీసా తన భృతిలో కొంచెం తీసుకోమని పోరింది. తీసుకోలేదు. అది ఆమె మొండితనానికి వచ్చిన ఫలం.

పత్తి అయిపోయింది. ఇప్పుడు శనగ చేలల్లో పని. పొద్దున అయిదున్నరకు ఆటో వస్తుంది, సాయంత్రం అయిదయ్యేసరికి తెచ్చి దింపుతుంది. పోకపోతే పొయ్యి వెలగదు. పోతే ఆయన ఒక్కడే. దగ్గొచ్చినప్పుడు వెనకనుంచి పట్టుకుని కూర్చోబెట్టేవాళ్లు కావాలి, లేకపోతే పక్కకు ఒరిగిపోతాడు. మొన్న నేను వచ్చేసరికి నేల మీద ఉన్నాడు. ఎంతసేపట్నుంచి పడి ఉన్నాడో చెప్పలేదు.

ఎవరన్నా తోడు కావాలా అని అడిగితే, "శేషయ్య బావను పిలువు" అన్నాడు. "ఆయప్ప గూడా ఆడ ఒక్కడే కుమిలిపోతాంటాడు" అన్నాడు. నేను కాదు, ఆయన అన్నాడు.

పండగ తర్వాత సోమవారం నుంచి రా. ఆరున్నర బస్సు ఎక్కితే ఎనిమిదికి ముందే ఇక్కడ ఉంటావు. తలుపు దగ్గరగా వేసి పోతా, గొళ్లెం పెట్టను. రాగి గంజి పొయ్యి పక్కన ఉంటుంది. గోరువెచ్చగా చేసి చెంచాతో తాగించు. పడుకోబెట్టొద్దు. మాత్రలు డబ్బా మీద ఏది ఎప్పుడో రాసి పెట్టాను, నా రాత నీకు తెలుసు, చూసుకో.

తిరుగు బస్సు నాలుగున్నరకు ఉంది. దానికి పో. నేను వచ్చేసరికి నువ్వు ఇంట్లో ఉండొద్దు.

ఓబులమ్మ